బెనిన్ కోడిపుంజు – ఒక కానుక పూర్వాపరాలు

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో జీసస్ కళాశాల అనే ప్రాచీన విద్యాలయం ఉన్నది. 1496లో జాన్ ఆల్కాక్ అనే బిషప్పు దానిని స్థాపించాడు. ఆయన ఇంటిపేరు చివర ఇంగ్లీషులో కోడిపుంజుకు వాడే మాట వినబడుతుంది. అందుచేత కళాశాల చిహ్నంలో మూడు కోడిపుంజు తలలు చేరాయి. ఆ కళాశాల భోజనశాలలో చాలాకాలం ఒక లోహపు కోడిపుంజు నిలబడి ఉండేది. 1905లో ఒక విద్యార్థి తండ్రి దానిని కానుకగా ఇచ్చాడు. కోడి గుర్తు గల కళాశాలకు కోడినే కానుకగా ఇవ్వటం ముచ్చటగానే ఉన్నది. కాని ఆ కోడి ఇంగ్లండులో పుట్టినది కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ రాజ్యం నుంచి, ఒక దండయాత్ర తరువాత, ఓడ ఎక్కి వచ్చినది.

ఈ వ్యాసంలో ఆ కోడిపుంజు ఎవరి చేతుల మీదుగా ఎక్కడెక్కడికి పోయిందో వరుసగా చెప్పదలచాము. పాఠక మహాశయులు ఒక ప్రశ్న వేయవచ్చు. పశ్చిమ ఆఫ్రికా కోడిపుంజుకూ, కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకు వచ్చిన మన పెద్దలకూ ఏమి సంబంధం? రక్తసంబంధం లేదు. కాని రిజిస్టరు సంబంధం ఒకటి ఉన్నది. అది చివర మనవి చేస్తాము. మేము తెలుగు నేర్చుకున్నది సాయంకాలపు తరగతులలో. భాషలో దోషాలుంటే పెద్దలు మన్నింతురు గాక.

బెనిన్ కంచరులు

ముందుగా ఒక మాట. ఈనాడు బెనిన్ అనే పేరుతో ఒక దేశం ఉన్నది. మనం చెప్పుకునే బెనిన్ అది కాదు. దానికి తూర్పున, నైజీరియా దేశపు ఎడో రాష్ట్రంలో బెనిన్ నగరం ఉన్నది. అక్కడి ప్రజలు ఎడోలు. వారి రాజును ఒబా అంటారు. ఆ వంశం నేటికీ ఉన్నది. ఇప్పటి ఒబా పేరు రెండవ ఎవారే.

ఆ నగరంలో ఇగున్ అనే వీధి ఉన్నది. పోతపని చేసే కుటుంబాలు తరతరాలుగా అక్కడ నివసిస్తున్నవి. పూర్వం వారు రాజాజ్ఞ మీద రాజు కోసమే పని చేసేవారు. వారి పద్ధతి మన శిల్పులు పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతి వంటిదే. మట్టితో లోపలి ముద్ద చేసి, దానిమీద మైనంతో రూపం దిద్దుతారు. కన్ను, ముక్కు, ఈక, పూస, అన్నీ మైనంలోనే తీరుస్తారు. పైన మెత్తని మట్టి పూసి, ఆరబెట్టి, కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. అది విడిచిన చోటులోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారిన తరువాత మట్టి పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. అచ్చు పగిలిపోతుంది కనుక ఒక బొమ్మ వంటిది మరొకటి ఉండదు. లోకం వీటిని బెనిన్ కంచు బొమ్మలు అంటున్నది కాని, వాటిలో చాలా భాగం నిజానికి ఇత్తడి.

ఆ ఇత్తడి ఎక్కడిది? 15వ శతాబ్దం చివర పోర్చుగీసు వర్తకులు అక్కడికి వచ్చారు. వారు మనిల్లాలనే కడియాల వంటి ఇత్తడి ముక్కలను డబ్బుగా తెచ్చి ఇచ్చేవారు. సముద్రంలో మునిగిన ఓడలలో దొరికిన మనిల్లాలను శాస్త్రజ్ఞులు పరీక్షించారు. ఆ లోహం జర్మనీలోని రైన్ నది ప్రాంతపు గనుల నుంచి వచ్చిందనీ, బెనిన్ బొమ్మల లోహం దానితో సరిపోతున్నదనీ 2023లో ప్రకటించారు. ఆ కడియాలిచ్చి వర్తకులు కొన్నవాటిలో మిరియాలు ఉన్నవి, ఏనుగు దంతాలు ఉన్నవి, మనుషులు కూడా ఉన్నారు. ఈ సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. మళ్లీ దీని దగ్గరకు రావలసి ఉన్నది.

16వ శతాబ్దంలో ఎసిగీ అనే ఒబా తన తల్లి ఇడియాకు ఇయోబా అనే బిరుదు ఇచ్చాడు. రాజమాత అని దాని అర్థం. అప్పటినుంచి రాజమాతలు గతించిన తరువాత వారి పేర పూజాపీఠం ఏర్పాటు చేసి, దానిమీద లోహపు కోడిపుంజులను ఉంచటం ఆచారమైంది. కనుక కేంబ్రిడ్జి విద్యార్థులు భోజనం చేస్తూ చూసినది అలంకారపు బొమ్మ కాదు. పెద్దలకు మొక్కే చోట ఉండవలసిన వస్తువు. మన ఇళ్లలో అమ్మోరి ఘటాన్ని ఎవరైనా తీసుకుపోయి హోటలులో పెడితే ఎట్లా ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

1897

19వ శతాబ్దం చివర బ్రిటిషు వర్తకులకు ఆ ప్రాంతపు తాటినూనె మీదా రబ్బరు మీదా కన్ను పడింది. 1892లో గాల్వే అనే అధికారి ఒబా ఓవొన్‌రామ్వెన్ చేత ఒక ఒడంబడిక మీద ఒప్పించుకున్నాడు. ఆ కాగితంలోని షరతులు ఒబాకు ఎంతవరకు తెలిపారనేది నేటికీ చర్చలో ఉన్నది. తెలియని భాషలోని కాగితం మీద వేలిముద్ర వేయటమంటే ఏమిటో మన పెద్దలకు తెలుసు.

ఒబా తన వర్తకపు హక్కులు వదులుకోలేదు. అక్కడి తాత్కాలిక కాన్సల్ జనరల్ జేమ్స్ ఫిలిప్స్ 1896 నవంబరులో లండనుకు ఒక లేఖ వ్రాశాడు. రాజును తొలగించటానికి అనుమతి కావాలని కోరాడు. రాజు ఇంట దొరికే దంతాలతో ఖర్చులు గిట్టుబాటు కాగలవని తన ఆశను కూడా అందులోనే తెలిపాడు. ఈ లేఖ చాలా ముఖ్యమైనది. ఎందుకంటే ఒక్క తెల్లవాడు కూడా చనిపోక ముందే, రాజు ఇంటి సొత్తు లెక్కలోకి వచ్చిందని ఇది తెలుపుతున్నది.

లండను అనుమతి రాకముందే ఫిలిప్స్ బయలుదేరాడు. అది బెనిన్‌లో ఇగూ పండుగ కాలం. ఆ రోజులలో ఒబా పరదేశీయులను చూడరాదు. కొంతకాలం ఆగి రమ్మని కబురు వచ్చింది. ఆయన ఆగలేదు. 1897 జనవరి 4న దారిలో బెనిన్ యోధులు వారిమీద పడ్డారు. తొమ్మిదిమంది తెల్లవారిలో ఇద్దరే బ్రతికారు. మూటలు మోసిన ఆఫ్రికా కూలీలలో కూడా చాలామంది చనిపోయారు. బ్రతికిన ఇద్దరు తెల్లవారి పేర్లు చరిత్ర గ్రంథాలలో ఉన్నవి. చనిపోయిన కూలీల పేర్లు కనబడటం అరుదు.

ఆరు వారాలలో బ్రిటిషు నౌకాదళం పగ తీర్చుకుంది. రియర్ అడ్మిరల్ హ్యారీ రాసన్ నాయకత్వంలో సుమారు 1,200 మంది సైనికులు మర ఫిరంగులతో వచ్చి, ఫిబ్రవరి 18న బెనిన్ నగరాన్ని పట్టుకున్నారు. మూడు రోజుల తరువాత లేచిన మంటలో నగరంలో చాలా భాగం తగలబడింది. ఒబాను కలబార్ పట్టణానికి పంపివేశారు. ఆయన 1914లో అక్కడే మరణించాడు. బెనిన్‌లో నరబలులు చూశామని దళంవారు వ్రాశారు. ఆ ఆచారం ఉండేదన్న సంగతి చరిత్రకారులు కాదనరు. కాని నరబలి మాన్పించటానికి రాజమాత పీఠం మీది కోడిని ఓడ ఎక్కించవలసిన అవసరం ఏమిటి?

ఆ రోజులలో తీసిన ఫోటోలు ఉన్నవి. అంతఃపురపు ఆవరణలో అధికారులు కూర్చుని ఉంటారు. వారి చుట్టూ నేలమీద దంతాలు, ఇత్తడి పలకలు, తలలు కుప్పలుగా పడి ఉంటవి. దాచిపెట్టి చేసిన పని కాదు. దండయాత్ర ఖర్చుల కోసం కొంత సొత్తును ప్రభుత్వం అమ్మింది. కొంత అధికారులు తమలో తాము పంచుకున్నారు. ఆ సంవత్సరం సెప్టెంబరు నాటికే బ్రిటిష్ మ్యూజియంలో సుమారు 300 పలకలు ప్రదర్శనకు పెట్టారు. బెర్లిన్ మ్యూజియం తరఫున ఫెలిక్స్ ఫోన్ లూషాన్ అనే పండితుడు విరివిగా కొన్నాడు. పది పదిహేనేళ్లలో బెనిన్ సొత్తు యూరపు, అమెరికా మ్యూజియాలలో సర్దుకుపోయింది.

కానుక అన్న మాట

ఆ దండయాత్రతో వెళ్లినవారిలో జార్జ్ విలియమ్ నెవిల్ ఒకడు. ఆయన బెనిన్ వస్తువులు చాలా తెచ్చుకున్నాడు. ఆయన కుమారుడు జీసస్ కళాశాలలో చదివాడు. 1905లో కళాశాలకు కోడిపుంజును ఇచ్చినది ఆయనే. ఇక్కడితో గొలుసు పూర్తి అయినది: ఇగున్ వీధి కంచరి, రాజమాత పీఠం, దండయాత్ర, నెవిల్ ఇల్లు, కళాశాల భోజనశాల. కళాశాలవారి దగ్గర నిలిచినది చివరి కొక్కెం ఒక్కటే. 1905, నెవిల్ ఇచ్చిన కానుక. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నెవిల్ ఇచ్చాడు, వారు పుచ్చుకున్నారు. అయినా మొత్తం కథ దాగిపోయింది.

మా సాయంకాలపు తరగతిలో కానుక అన్న మాట నేర్పుతూ ఈ కథ చెప్పాము. పదకొండేళ్ల అమ్మాయి ఒకతె లేచి అడిగింది: “గురువుగారూ, ఒకరి దగ్గర తీసుకున్నది ఇంకొకరికి ఇస్తే దానిని కానుక అనవచ్చునా?” అప్పటికి మేము సరిగా జవాబు చెప్పలేకపోయాము. ఇచ్చినవాడి వైపు చూస్తే కానుకే. పోగొట్టుకున్నవారి వైపు చూస్తే మరొక మాట కావాలి. రిజిస్టరు వ్రాసినవాడు ఎటువైపు కూర్చున్నాడనేది తేల్చుకోవాలి.

తిరుగు ప్రయాణం

నైజీరియావారు అడగక కాదు. 1977లో లాగోస్‌లో జరిగిన నల్లజాతి కళల మహోత్సవానికి గుర్తుగా ఇడియా రాజమాత దంతపు ముఖాన్ని ఎంచుకున్నారు. అసలు ముఖం బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఎరువుగా అడిగినా అది రాలేదు. అంతకు ముందు, 1950 నుంచి 1972 వరకు, బ్రిటిష్ మ్యూజియమే తన బెనిన్ పలకలలో 30కి పైగా మిగులు ప్రతులని తేల్చి వదులుకుంది. వాటిలో కొన్నింటిని నైజీరియా డబ్బు ఇచ్చి కొన్నది. ఒక అచ్చు నుంచి ఒకే బొమ్మ వస్తుందని పైన చెప్పాము. వాటికి మిగులు ప్రతులు ఎక్కడివి? తన సొత్తును తానే కొనుక్కున్న ఇంటివాడి స్థితి పాఠకులే తలచుకోవాలి. ఆ మ్యూజియంలో నేటికీ 900కు పైగా బెనిన్ వస్తువులు ఉన్నవి. 1963 నాటి చట్టం సొత్తును తిరిగి ఇవ్వటానికి అడ్డు వస్తున్నదని మ్యూజియంవారు చెప్తారు.

చట్టం అడ్డు రాని చోట మనుషులు కదిలారు. 1897 దళంలోని ఒక అధికారి మనుమడు మార్క్ వాకర్ తాతగారి దినచర్య పుస్తకం చదివాడు. 2014లో స్వయంగా బెనిన్ వెళ్లి, తన వాటాకు వచ్చిన లోహపు పక్షినీ గంటనూ ఒబా అంతఃపురంలో అప్పగించాడు. 2016లో జీసస్ కళాశాల విద్యార్థులు కోడిపుంజును తిరిగి పంపాలని తీర్మానం చేశారు. కళాశాలవారు దానిని భోజనశాల నుంచి తీసివేశారు. తమ సంస్థకు బానిస వ్యాపారంతో ఉన్న సంబంధాలను పరిశీలించటానికి వారు ఒక సంఘం వేశారు. ఆ సంఘం కోడిపుంజు గొలుసును మొదటి నుంచి చదివి, అది బెనిన్ ఒబాకు చెందినదని తేల్చింది. 2019లో తిరిగి ఇవ్వాలని నిర్ణయం జరిగింది. 2021 అక్టోబరు 27న కళాశాల అధిపతి సోనిటా అలెయిన్ దానిని నైజీరియా ప్రతినిధులకు అప్పగించారు. ఆమె పుట్టినది బార్బడోస్‌లో. అది కూడా మన ద్వీపంలాగా చెరకు తోటల ద్వీపమే.

మరునాడు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం ఒక ఒబా శిరస్సును అప్పగించింది. దానిని వారు 1957లో వేలంపాటలో డబ్బిచ్చి కొన్నారు. వారి కొనుగోలులో తప్పు లేదు. అయినా మొదటి కొక్కెం చెడినదని ఇచ్చివేశారు. 2022 ఫిబ్రవరిలో కోడిపుంజూ శిరస్సూ రెండూ బెనిన్ అంతఃపురం చేరినవి. ఆ సంవత్సరమే అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ 29 వస్తువులు ఇచ్చింది. లండనులోని హార్నిమన్ మ్యూజియం 72 వస్తువుల మీది హక్కును వదులుకుంది. డిసెంబరులో జర్మనీ 20 వస్తువులను అబుజా నగరానికి తెచ్చి ఇచ్చింది. 2025లో నెదర్లాండ్సు 119 ఇచ్చింది.

మింగుడుపడని సంగతి

ఇక్కడ ఆపివేస్తే కథ చక్కగా ముగిసినట్లే. కాని మనిల్లాల సంగతి మిగిలి ఉన్నది. స్మిత్సోనియన్ ఇవ్వబోతున్నప్పుడు అమెరికాలోని నల్లజాతివారి సంఘం ఒకటి కోర్టుకు వెళ్లింది. వారు బానిసల సంతతి. వారి వాదన ఇది: మా పెద్దలను అమ్మిన డబ్బే ఆ కడియాలు, ఆ కడియాలు కరిగించినదే ఆ బొమ్మలు, అమ్మినవారి వంశానికి ఇచ్చి అమ్ముడుపోయినవారి వంశాన్ని మరచిపోవటం ఏమి న్యాయం? వారి దావా నిలవలేదు. ఆ ప్రశ్న మాత్రం నిలిచి ఉన్నది. 2023లో నైజీరియా ప్రభుత్వం తిరిగి వచ్చే సొత్తు ఒబాకు చెందుతుందని ప్రకటించినప్పుడు కూడా, ప్రజల సొత్తా రాజు సొత్తా అని వాదం లేచింది.

మా అభిప్రాయం మనవి చేస్తాము. బెనిన్ రాజులు మనుషులను అమ్మిన మాట నిజమైనా, అది బ్రిటిషు నౌకాదళానికి హక్కు ఇవ్వలేదు. ఆ దళం అమ్ముడుపోయినవారి తరఫున రాలేదు. దొంగ సొత్తు ముందు ఇల్లు చేరాలి. కాని ఇంటికి చేరిన తరువాత, ఆ లోహానికి వెల ఎవరు చెల్లించారో కూడా దాని పక్కన వ్రాసి ఉంచాలి. పూర్వాపరాలు వ్రాయటమంటే ఎదుటివాడి తప్పు ఒక్కటే వ్రాయటం కాదు. తోటల సంతతివారమైన మనం ఈ మాట అనకపోతే ఎవరు అంటారు? మన పెద్దలను ఓడ ఎక్కించినవారు తెల్లదొరలొక్కరే కాదు. ఊళ్లు తిరిగి కూలీలను పోగుచేసిన దళారులలో మన భాష మాట్లాడేవారు కూడా ఉన్నారు.

మన రిజిస్టరు

ఇప్పుడు మొదట చెప్పిన రిజిస్టరు సంబంధం. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నవి. 1834 నుంచి మన ద్వీపానికి వచ్చిన సుమారు నాలుగున్నర లక్షల మందిలో ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, ఒంటిమీద గుర్తులు, ఓడ పేరు. 1843లో కోరంగి నుంచి వచ్చిన కోరంగా ప్యాకెట్ ఓడవారు మొదలుకొని మన తెలుగువారు ఆ పుస్తకాలలో ఉన్నారు. 1867 చట్టం తరువాత గడువు తీరిన కూలీలు ఫోటో అంటించిన చీటీ వెంట ఉంచుకోవలసి వచ్చింది. చీటీ లేకుండా దొరికితే నిర్బంధమే.

ఆ పుస్తకం ప్రకారం వారు ఒప్పందం మీద వచ్చారు. నెవిల్ కానుక ఇచ్చినట్లే ఇది కూడా అబద్ధం కాదు. ఏ కరవు తరిమిందో, ఎవరు ఏమి చెప్పి నమ్మించారో, వెనుక ఎవరు ఏడ్చారో ఆ గళ్లలో చోటు లేదు. మా ముత్తాతగారి ఊరి పేరు వ్రాతలో ఎంత మారిపోయిందంటే, మేము నాలుగు సంవత్సరాలు వెదికినా ఆ ఊరు ఏదో తేలలేదు.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. మా ఇంట ఒక కంచు చెంబు ఉండేది. ముత్తవ్వ ఓడలో తెచ్చినదని అవ్వ చెప్పేది. ఉగాదినాడు మామిడాకులు అందులోనే పెట్టేవారం. కొత్త ఇల్లు కట్టిన సంవత్సరం పాత సామాను కొనే మనిషి వస్తే, దానిని తూకానికి ఇచ్చివేశాము. మమ్మల్ని ఎవరూ దోచుకోలేదు. బెనిన్‌వారి నష్టంతో దీనిని పోల్చరాదు. కాని ఈనాడు ఆ చెంబు ఏ హోటలు వసారాలోనైనా కనబడితే, అది మాదని చూపటానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు. కాగితం ఉంటే ఏమి జరుగుతుందో కోడిపుంజు చూపింది.

కనుక పాఠకులకు మా విజ్ఞప్తి ఇది. ఇంట్లో మిగిలిన పాత వస్తువు ఏదైనా సరే, ఘటం, చెంబు, కాసులపేరు, చీటీ, ఫోటో, ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. ఎవరు తెచ్చారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, కొన్నదా, ఇచ్చినదా, తీసుకున్నదా. చెప్పటానికి సిగ్గు వేసే సంగతి ఉంటే అది కూడా వ్రాయండి. తెలుగు వ్రాయటం రాకపోతే క్రియోల్‌లో చెప్పండి, మా తరగతి పిల్లలు తెలుగులో వ్రాసి పెడతారు. అవ్వలు తాతలు ఉండగానే ఈ పని కావాలి. మేము మా పుస్తకంలో మొదటి పేజీలో ఆ చెంబు సంగతే వ్రాశాము. వస్తువు లేదు, తూకానికి ఇచ్చినాము అని వ్రాశాము.